ఎవరు నొక్కారు?

అమెరికాలోని మా షాంటిలీ ఊరి తెలుగు క్రైస్తవ సంఘంలో ఎవరింట్లో కంప్యూటర్ పాడైనా వచ్చి బాగుచేసే మహానుభావులు ఒక్కరే ఉన్నారు. ఆయన షాలేం రాజు గారు. ఆయనలో లోపం కూడా ఒక్కటే. నేరస్థుణ్ణి పట్టుకోనిదే రిపేరు మొదలుపెట్టరు. ఇంటిల్లిపాదినీ హాల్లోకి పిలిపించి, "ఎవరు నొక్కారు?" అని అడుగుతారు. దొరికినవాడికి ఆ తర్వాత జరిగే సన్మానం పక్క టౌన్‌హౌస్‌లోని కొరియా దంపతులకు కూడా, భాష రాకపోయినా, పూర్తిగా అర్థమవుతుంది.

షాలేం అంటే సమాధానం, అనగా శాంతి. తల్లిదండ్రులు ఎంతో ఆశతో పెట్టుకున్న పేరు.

విచారణకు ఒక పద్ధతి ఉంది. ముందు చేతి గడియారం తీసి చొక్కా జేబులో వేసుకుంటారు. స్టీలు గ్లాసులో మంచినీళ్లు అడుగుతారు. గాజుగ్లాసు ఇస్తే తిప్పి పంపుతారు. కుర్చీని గోడకు ఆనించి, తెర తన ఒక్కడికే కనపడేట్టు తిప్పుకుంటారు. ఎవరైనా తొంగిచూడబోతే, "ఏంటి చూస్తావు? ఎక్కించేటప్పుడు చూశావా?" అని కసురుతారు. ఆపైన కంప్యూటర్‌ను చెడగొట్టిన చెత్త ప్రోగ్రాం లోపలికి వచ్చిన తేదీ, గంట, నిమిషంతో సహా చదివి వినిపిస్తారు. ఆ సమయానికి కంప్యూటర్ దగ్గర ఉన్నవాడి పని అయిపోయినట్టే.

మా ఇంటి కేసు నాకింకా మంటగానే ఉంది. అప్పట్లో మా బ్రౌజర్‌లో ఏది వెతికినా ముక్కూ మొహం తెలియని ఇంకో పేజీకి లాక్కుపోయేది. ఇడ్లీ రవ్వ కోసం వెతికితే మోకాళ్ల నొప్పుల మందు చూపించేది. దానికి తోడు పైన కూపన్ల పట్టీ ఒకటి తగులుకుంది. తీసేస్తే మర్నాడు పొద్దున్నే మళ్లీ హాజరు.

"ఎవరు నొక్కారు?"

నేను మా ఆవిడ ఎలీనా వైపు చూశాను. ఎలీనా సీలింగ్ ఫ్యాన్ వైపు చూసింది.

"గురువారం, పొద్దున పది గంటల ఐదు నిమిషాలు. ఆ రోజు ఇంటినుంచి పనిచేసిందెవరు?"

"నేనే అన్నా. కానీ నేను పుట్టి బుద్ధెరిగి కూపన్ వాడలేదు."

"వాడనివాడివి ఎందుకు నొక్కావ్?"

నేను నోరు తెరిచేలోపే మళ్లీ ఆయనే అందుకున్నారు.

"అసలు డౌన్‌లోడ్ బటన్ ఎలా ఉంటుందో తెలుసా నీకు? బక్కగా, బూడిద రంగులో, ఓ మూల పడి ఉంటుంది. ఆకుపచ్చగా, అంత లావున, రా రమ్మని పిలిచేది దొంగది! తెర మీద ఏముందో ఒక్కడూ చదవడు. అదే మీ రోగం. మాస్టర్స్ చేశావట కదా, అక్కడ కూడా చదవకుండానే నొక్కావా?"

తిట్లు యాభై నిమిషాలు, మరమ్మతు ఇరవై నిమిషాలు. తీసేసిన పట్టీని రోజూ పొద్దున్నే తెచ్చి పెట్టే గుమాస్తా ప్రోగ్రాం ఒకటి లోపల దాక్కుందట. దాన్ని పీకి, బ్రౌజర్‌ను కొత్తగా కొన్ననాటి స్థితికి తెచ్చి, గడియారం పెట్టుకుని, ఎలీనా ఇచ్చిన టీ తాగి, నాకు వందనాలు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు.

పోనీ నేనంటే లోకువ అనుకుందాం. మార్చిలో విమలకుమారి గారింట్లో ఏం జరిగింది? ఆవిడ మా చర్చి క్వయర్‌లో ముందు వరస మనిషి. ఉద్యోగం పోయి అప్పటికి రెండు వారాలు. అదీ చాలదన్నట్టు కంప్యూటర్ తెరవగానే కుడివైపు మూలనుంచి ప్రకటనలు ఈగల్లా ముసిరేవి. షాలేం రాజు గారు అందరినీ నిలబెట్టి, తారీఖు చదివి, వేలు తిన్నగా ఎవరి మీద పెట్టారనుకున్నారు? ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరు గారి మీద!

"మొన్న ఈమెయిల్ చూసుకుంటానని కూర్చుంది మీరే కదా అయ్యగారూ? సంఘమంతా మీ మాట వింటుంది. మీరేమో ఎవడో అనామకుడు 'అలౌ' నొక్కమంటే నొక్కేస్తారా?"

అయ్యగారు తల వంచుకున్నారు. "పొరపాటైంది బ్రదర్" అన్నారు. విమలకుమారి గారు వంటింట్లోకి వెళ్లిపోయారు. దైవసేవకుణ్ణి పట్టుకుని అంతలేసి మాటలా అని నాకు ఒళ్లు మండిపోయింది. ఈయనతో ఇక మాట్లాడకూడదని తీర్మానించుకున్నాను. మా ప్రింటర్ ఆగిపోయేదాకా ఆ తీర్మానం మీదే ఉన్నాను.

ఇక అసలు కేసు డాక్టర్ సుందర్ రాజ్ గారిది. డెబ్బై తొమ్మిదేళ్లు. ఈ దేశంలో నలభై ఏళ్లపాటు గుండెలు కోసి కుట్టిన చెయ్యి ఆయనది. రిటైరయ్యాక ఆ చేత్తోనే ప్రతి వారం పాటల మాటలు తెలుగులో టైప్ చేసి, ఆదివారం ఆరాధనలో తెర మీద వేస్తారు. దీర్ఘం ఒక్కటి తప్పినా రాత్రి అన్నం సహించదు. అక్టోబరులో ఆయన కారుతో ఎదురింటి మెయిల్‌బాక్స్‌ను పడగొట్టాక, కూతురు షెరిన్ తాళాలు తీసేసుకుంది. ఇక ఆయన చేతిలో మిగిలింది లాప్‌టాప్.

ఆ ఆదివారం మూడో చరణం నడుస్తూండగా, తెర మూలన ఎర్ర పెట్టె ఒకటి పైకి లేచింది. "కంగ్రాచులేషన్స్! యూ హావ్ బీన్ చోజెన్!"

వెనక వరసలోంచి ఎవరో పెద్దాయన, "ఆమెన్!" అన్నారు.

తర్వాత సైరన్ మోగింది. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఒకావిడ ఇంగ్లీషులో రెండు వందల మందినీ హెచ్చరించింది. డాక్టర్ గారు ఏ మీట నొక్కినా ఆ నోరు మూతపడలేదు. చివరికి షెరిన్ వచ్చి తెరకూ స్పీకర్లకూ పోయే తీగ పీకేసింది.

మధ్యాహ్నం డాక్టర్ గారింట్లో భోజనానికి షాలేం రాజు గారితోపాటు నేనూ ఉన్నాను. ముందురోజు సాయంత్రం అక్కడే పాటల ప్రాక్టీసు జరిగింది. బిర్యానీకి పిలుపు అప్పుడే అందింది. బిర్యానీ మూత ఇంకా తీయలేదు.

"డాడీ, ఇది సెకండ్ టైమ్. ఇంక లాప్‌టాప్ వద్దు. టాబ్లెట్ కొంటా, వీడియోస్ చూడు."

"దాంట్లో పాటలు టైప్ చేయలేనమ్మా."

"సమ్‌వన్ ఎల్స్ చేస్తారు. యూ నీడ్ రెస్ట్."

డాక్టర్ గారు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటివంకే చూస్తూ కూర్చున్నారు.

షాలేం రాజు గారు గడియారం జేబులో వేసుకున్నారు. స్టీలు గ్లాసు వచ్చింది. కుర్చీ గోడకు ఆనింది.

"ఎవరు నొక్కారు?"

"బాబూ, నేను మొన్న..." అని డాక్టర్ గారు మొదలుపెట్టారు.

"మీరాగండి డాక్టర్ గారూ! మీ వంతు వచ్చినప్పుడు అడుగుతాను."

తెర వంక చాలాసేపు చూశారు. నీళ్లు తాగారు. మళ్లీ చూశారు.

"శనివారం. సాయంత్రం ఆరూ నలభై. ఎవరు కూర్చున్నారిక్కడ?"

ఆరూ నలభైకి అందరూ పక్కగదిలో పాడుతూంటే, ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని క్రికెట్ చూసిన దుర్మార్గుణ్ణి నేనే.

"నేనే అన్నా. స్కోరు... ఒక్కసారి..."

"స్కోరా! అక్కడ దేవుని పాటలు, ఇక్కడ నీకు స్కోరా! పెద్దాయన లాప్‌టాప్ మీద నీ పాడు వేలు ఎందుకు పెట్టావయ్యా? ఆకుపచ్చది కనపడితే ఆవులాగా పోయి మేసేయడమేనా?"

నలభై నిమిషాలు. మధ్యలో నీళ్లు రెండుసార్లు తెప్పించారు. మా తాతల ఊరు, నా వీసా, నా డ్రైవింగ్, అన్నీ వచ్చాయి.

షెరిన్ నన్ను పురుగును చూసినట్టు చూసింది. "సో, డాడీ కాదా?"

"డాడీ ఏంటమ్మా! ఆయన ఏం నొక్కినా చదివి నొక్కే మనిషి."

"ఐయామ్ సారీ డాడీ. లాప్‌టాప్ నీ దగ్గరే ఉంచుకో."

నాకు శిక్ష కూడా పడింది. వాళ్లందరూ బిర్యానీ తింటూంటే నేను లాప్‌టాప్ ముందు కూర్చుని స్కాన్ పూర్తయ్యేదాకా కాపలా కాయాలి. వాసన వస్తోంది. ఏం తోచక తెర మీద ఉన్నది చదవడం మొదలుపెట్టాను. దొరికిన చెత్త ఫైలు పేరు, ఉచిత తెలుగు ఫాంట్లు. వచ్చిన సమయం, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల పద్నాలుగు నిమిషాలు.

మంగళవారం మధ్యాహ్నం రెండూ పద్నాలుగుకు నేను ఆఫీసులో మా మేనేజరు చేత తిట్లు తింటున్నాను. నా జీవితంలో ఇంత గట్టి సాక్ష్యం ఇంకోసారి దొరకదు.

ఆకలీ కోపమూ కలిసి నన్ను బయటికి తోశాయి. షాలేం రాజు గారు కారు ఎక్కబోతున్నారు.

"అన్నా! మంగళవారం, రెండూ పద్నాలుగు!"

ఆయన కారు తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి, ఇంటి కిటికీ వైపు చూసి, నేను మునుపెన్నడూ వినని గొంతుతో, అంటే మెల్లగా, మాట్లాడారు.

"చదివావా?"

"చదివాను."

"నువ్వు చదువుతావని నేననుకోలేదయ్యా."

"మంచి ఫాంట్ కోసం డాక్టర్ గారు నొక్కితే నన్నా తిట్టేది?"

"నువ్వు స్కోరు చూసిన టైము కనపడితే అదే చదివాను. ఆయనకు కారు తాళాలు పోయాయి. లాప్‌టాప్ కూడా పోతే ఆయన వారమంతా ఏం చేస్తాడు? ఇకమీదట నా పాస్‌వర్డ్ లేకుండా దాంట్లోకి చీమ కూడా దూరదు. ఫాంట్ కూడా అసలుది పెట్టాను."

నాకు ఒక్కసారిగా సీలింగ్ ఫ్యాన్ గుర్తొచ్చింది. "అయితే మా కూపన్లు..."

"మీ ఆవిడను అడగకు. టీ బాగా పెడుతుంది."

"అయ్యగారు?"

"రెజ్యూమె తయారుచేసేదేదో పాపం ఆ విమలకుమారే దింపుకుంది. అయ్యగారికి అక్కడే అర్థమైంది. నీలాగా రోడ్డు మీదికొచ్చి అరవలేదాయన."

"ఎప్పుడూ నేనే ఎందుకన్నా?"

"నీకు కోపమొస్తే ఎంతసేపయ్యా? బిర్యానీ పెడితే పోతుంది." అని కారెక్కి, మళ్లీ అద్దం దించి, ఈసారి వీధంతా వినపడేట్టు, "తెలుగు ఫాంట్‌లో కూడా దొంగసరుకు పెడతార్రా వెధవల్లారా!" అని, ఏ దేశంలో ఉన్నారో తెలియని వాళ్లను తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

మరుసటి ఆదివారం పాటలన్నీ గుండ్రటి అక్షరాలతో, ఒక్క దీర్ఘం తప్పకుండా తెర మీద వెలిగాయి. ఆరాధన అయ్యాక డాక్టర్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో గంభీరంగా, "స్కోరు చూసుకోవాలనిపిస్తే నా లాప్‌టాప్ వాడుకో బాబూ. జరిగినదానికి నేనేమీ అనుకోలేదు" అన్నారు.

ఆ పెద్దమనసుకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

నిన్న మా సంఘంలోని జితేందర్ వాళ్లింట్లో బ్రౌజర్ చెడింది. నన్ను కూడా రమ్మని షాలేం రాజు గారే కబురు పెట్టారు. హాల్లో అందరూ వరసగా నిలబడ్డారు. జితేందర్ వాళ్లమ్మ గారు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తున్నారు. స్టీలు గ్లాసు వచ్చింది.

"ఎవరు నొక్కారు?"

నేను చెయ్యెత్తాను.

"ఆగవయ్యా తొందర!" అని గర్జించారు షాలేం రాజు గారు. "ఇంకా టైమే చూడలేదు!"