నీళ్ల పేరు చెప్పలేని అత్తగారు

మొన్న తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో నా తలకు తీగల టోపీ తగిలించి, ముసలితనంలో మాటలు వెతుక్కునేటప్పుడు మెదడు ఎట్లా పనిచేస్తుందో చూస్తామని, నా మనవరాలి ఈడు డాక్టరమ్మ ఒక్కొక్క బొమ్మా చూపించి పేరు చెప్పమంది. చెంబు బొమ్మ దగ్గర నాకు మాట తట్టలేదు. ఆ పిల్ల తొందరపెట్టకుండా కూర్చుంది. కాసేపటికి పేరు వచ్చింది గానీ, దాని వెనకనే మా పాకాల ఇంటి రోత కూడా గుర్తుకొచ్చింది.

పంతొమ్మిది వందల నలభైలలో, నేను కొత్తకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజుల్లో, మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాటా పోయింది. మనం చెప్పేదంతా అర్థమయ్యేది. తాను చెప్పబోతే మాత్రం చెంబును చేట అనేది, అన్నది తప్పని తెలిసి కళ్లనీళ్లు పెట్టుకునేది. లోపం నాలుకలో ఉందనుకున్నారు మావాళ్లు. పసిబిడ్డలకు మాటలు రావాలని రాసినట్టు వసకొమ్ము అరగదీసి, ఆ ముసలి నాలుకను గుడ్డతో రుద్ది రుద్ది రాశారు. చూడవచ్చిన చుట్టాలు ఇదేమి, అదేమి అని సామాన్లు చూపించి, ఆమె తప్పు పలికితే పైటచెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. మన కాలంవాళ్లు ఎంత మంచివాళ్లో అని చెప్పుకుంటూ ఉంటాము గదా, ఆ నవ్వులు విన్న చెవులతో నేను ఆ మాట అనలేను.

ఒకనాడు నేను వడ్లు దంచుతూ పాట ఎత్తుకుంటే, గోడకానుకుని కూర్చున్న అత్తగారు అందుకుని, చివరిదాకా ఒక్క మాట తప్పకుండా పాడింది. నాకు పట్టరాని సంతోషమైంది. వాకిట్లో ఉన్న మా బావగారు అది విని లోపలికి వచ్చారు.

“పాట పాడే నోటికి నీళ్లని అడిగేదానికి రాదా? నాటకాలాడతా ఉండాది. పేరు సెప్పినాకనే ఇయ్యండి,” అన్నారు.

కన్నకొడుకు మాట అది. మంచినీళ్ల చెంబు ఆమె కళ్లెదుటే, చెయ్యి అందని చోట పెట్టించారు. మండే ఎండాకాలం. పెదవులు తడుపుకుంటూ, నోటికి వచ్చిన ప్రతి మాటా అని చూసి, ఆ ఒక్క మాట దొరక్క ఆమె నా వంక చూసేది. నేను కొంగుచాటున తెచ్చి తాగించేదాన్ని. తెలిసినప్పుడల్లా తిట్లు తినేదాన్ని.

మెదడులో పాట చోటు వేరు, మాట చోటు వేరు అనీ, మాట పోయినవాళ్లకు కూడా పాట మిగిలి ఉండవచ్చుననీ ఆ డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు ఇంత తెలిసింది, మంచిదే. ఆ వడ్ల పాట తెలిసినవాళ్లే నేను తప్ప ఇప్పుడు లేరు. కానీ దాహంతో ఉన్న మనిషికి నీళ్లివ్వడానికి ఇంత చదువు కావాలా అని నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది. ఆ ఎండలు తగ్గకముందే అత్తగారు పోయింది. చివరి ఘడియలో ఆమె నోట్లో తులసినీళ్లు పోసింది మా బావగారే. అప్పుడు మాత్రం పేరు చెప్పమని అడగలేదు.