పదిహేను గీతల్లో ఎనిమిది

మా కుట్టు షెడ్డులో చొక్కాలకు కాజాలు వేసే ఆవిడను అందరం కాజాలక్క అనే పిలుస్తాం. ఆమె భర్త మా కటింగ్ మాస్టర్. ఆయనకు చెవులు బొత్తిగా వినపడవు. కాలరు కొలతైనా, అన్నానికి రమ్మనడమైనా, కోపమైనా ఆమె చేతులతోనే చెబుతుంది. ఆ సైగలు మాకెవరికీ ఒంటబట్టలేదు. ఒకసారి నేను "కాస్త ఆగండి" అని సైగ చేయబోతే, ఆయన వెళ్లి ఫ్యాను కట్టేసి వచ్చాడు.

రోజంతా ప్రయాణం చేస్తే గానీ చేరలేనంత దూరంలో యజమాని కొత్త షెడ్డు పెట్టాడు. మా ఆరుగురిలో ఇద్దరు అక్కడికి వెళ్లి ఉండిపోవాలి. కిటికీ పక్క మిషను ఎవరిదన్న తగువు దగ్గర్నుంచి మాకు ఏదైనా గుండీల డబ్బాలో చీటీలు వేస్తేనే తేలుతుంది. నన్ను వదిలేయండని అడగడం మా దగ్గర పరువు తక్కువ. కాజాలక్కా అడగలేదు. మొహం మాత్రం వేలాడేసుకుని తిరుగుతోంది.

"ఎందుకక్కా అంత దిగులు? వెళ్లేది ఇద్దరే కదా. ఆ చీటీ సరిగ్గా మిమ్మల్నే విడదీస్తుందా ఏంటి?" అన్నాను.

ఆమె కటింగ్ బల్ల మీద ఆరు గుండీలు గుండ్రంగా పేర్చింది. రెండు ఎర్రవి వాళ్లు, నాలుగు తెల్లవి మేము. సుద్దతో ప్రతి గుండీనీ మిగతా అన్నిటితో కలిపింది.

"ఒక్కోదానికి ఐదు గీతలు. ఆరైదులు ముప్పై. ప్రతి గీతనీ రెండు కొసల నుంచీ లెక్కపెట్టాం కాబట్టి సగం, పదిహేను. వెళ్లే జత వీటిలో ఏదైనా కావచ్చు. ఎర్రవాటి మధ్య ఒక్కటే గీత. తెల్లవాటిలో వాటికి ఆరు. మిగతా ఎనిమిదీ ఒక ఎర్రది, ఒక తెల్లది. పదిహేనులో ఎనిమిదంటే సగానికి పైనే! ఆయనొక్కరే వెళ్తే అక్కడ ఎవరు మాట్లాడతారే ఆయనతో?"

ఆ ఎనిమిది గీతల్నీ నేను మళ్లీ లెక్కపెట్టాను.

మర్నాడు ఆమె సూపర్‌వైజర్ ముందు కొత్త మాట పెట్టింది. మూడు చీటీలు చాలు, ఒక్కోదాని మీద ఇద్దరు. తామిద్దరూ ఒకటి, చొక్కా చేతులు కుట్టే అక్కచెల్లెళ్లు ఒకటి, ఇస్త్రీ చేసే బాబాయీ నేనూ ఒకటి.

"ఈ గొణుగుడు మనిషితోనా నన్ను కట్టేసేది?" అని నేను ఎగిరాను.

"నీ వాగుడు వినాలని నేను మాత్రం తపస్సు చేశానా?" అన్నాడు బాబాయ్.

"అయినా ఇలా చేస్తే మాకు ముప్పు పెరగదా?" అని నిలదీశాను.

"నీ గుండీకి ఎన్ని గీతలు?" అంది కాజాలక్క.

"ఐదు."

"పదిహేనులో ఐదంటే మూడో వంతు. ఇప్పుడు మూడు చీటీల్లో నీది ఒకటి. అదీ మూడో వంతే. ఎవరికీ పెరగలేదు, తగ్గలేదు."

ఎంత వెతికినా తప్పు దొరకలేదు. ఒప్పుకోక చస్తానా? అక్కచెల్లెళ్లయితే ఎగిరి గంతేశారు.

సూపర్‌వైజర్ డబ్బా బాగా గిలకొట్టి ఒక చీటీ తీశాడు. కాజాలక్క, కటింగ్ మాస్టర్.

నేను బయటపడ్డాను, కానీ ఏడుపు ఆగలేదు. ఇంత లెక్క చేసిన మనిషికేనా ఈ చీటీ అని డబ్బా మీదే కోపం వచ్చింది.

మాస్టర్‌కు ఆమె అంతా ముందే చెప్పింది గానీ, ఆయనకు నమ్మకం కుదరలేదు కాబోలు. మా మొహాలు చూసి కంగారుపడి, తన గుండె మీద చెయ్యి వేసుకుని ఒక వేలు ఎత్తాడు. కాజాలక్క నవ్వుతూ ఆ వేలి పక్కనున్న రెండోదాన్ని కూడా పైకి లేపింది.

ఆ ఒక్క సైగా నాకు అర్థమైంది.