అరగంట అవతలి కొండలు

మార్కాపురంలో ఏ మిద్దె ఎక్కి పడమటికి చూసినా నల్లమల కనిపిస్తుంది. కాకపోతే జనం మిద్దెలెక్కేది వడియాలు ఎండబెట్టడానికో, ట్యాంకులో నీళ్ళు నిండాయో లేదో చూడ్డానికో. కొండల్ని చూడ్డానికి పనిగట్టుకుని ఎక్కే మనిషి ఆ వీధి మొత్తానికీ జాహిదా ఒక్కతే. జాకెట్లు కుట్టీ కుట్టీ మెడ పట్టేస్తే, "ఇప్పుడే వస్తా" అని పైకి పోయి, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి అట్లాగే నిలబడిపోయేది.

"ఏముందే ఆడ? రోజూ చూసేదేగా!" అని తోడికోడలు సల్మా కింద నుంచి కేకేసేది.

ఏముందో తెలిస్తే జాహిదా మాత్రం ఎందుకు చూస్తుంది? తెలియకే కదా ఆ చూడ్డం!

ఈ పిచ్చి ఇప్పటిది కాదు. జాహిదా తండ్రి కాలేషాకు ఒకప్పుడు బస్టాండు పక్కన అద్దె సైకిళ్ళ దుకాణం ఉండేది. ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, సైకిలు కొనే స్తోమత ఆ రోజుల్లో ఎంతమందికి ఉంది? గంటకింత అని అద్దెకు తీసుకునేవాళ్ళు. పెళ్ళిచూపులకు పోయేవాడు, పలకల ఫ్యాక్టరీలో పనికి ఆలస్యమైనవాడు, కొత్తగా నేర్చుకుంటూ మోకాళ్ళు చెక్కుకునే పిల్లకాయలు, అందరూ కాలేషా దగ్గరికే రావాలి. మడ్‌గార్డుల మీద తెల్లరంగుతో నంబర్లు వేసి, సైకిళ్ళన్నీ వరసగా నిలబెట్టేవాడు. గోడకు పెద్ద గడియారం. బండి ఎవరి చేతికిచ్చినా ఆయన చెప్పేది ఒకటే మాట.

"సగం టైము పోయేదానికి, సగం టైము వచ్చేదానికి. యాదుంచుకో."

సొంత కూతురు కదా అని జాహిదాను రోజంతా తిరగనిచ్చాడనుకుంటున్నారా? అబ్బే! గిరాకీ లేని పూట, అదీ అందరికంటే చిన్న సైకిలు, అదీ ఒక్క గంట. "గిరాకీ వస్తారు, బిన్నా తే!" అని, తొందరగా తెమ్మని వెనక నుంచి కేక. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉర్దూ. అక్కడ ఆయన 'అబ్బా'. దుకాణంలో వచ్చేపోయేవాళ్ళ మధ్య అంతా తెలుగే కాబట్టి అక్కడ 'నాయనా'. ఇల్లూ దుకాణమూ వేరు, ఆ ఇద్దరు తండ్రులూ వేరు. అబ్బాను గారాబంగా ఏదైనా అడగొచ్చు. నాయన దగ్గర మాత్రం గంటంటే గంటే.

ఆ పిల్ల సైకిలెక్కి నేరుగా పడమటికి తొక్కేది. ఇండ్లు అయిపోయి, పలకరాయి గుట్టలు దాటి, ఎర్రచేలు మొదలయ్యేసరికి కొండలు ఇంకాస్త పెద్దవయ్యేవి. ఇంకొంచెం పోతే చెయ్యి చాచి తాకొచ్చు అనిపించేది. నిజానికి అవి అంత దగ్గరేం కాదు. చిన్నపిల్ల, దానికేం తెలుసు? సరిగ్గా అప్పుడే అరగంట అయ్యేది. గడియారం చేతికి లేకపోయినా ఒంటికి తెలిసిపోయేది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా హ్యాండిలు తిప్పి వెనక్కి వచ్చేసేది. వచ్చాక సైకిలును గుడ్డతో తుడిచి, స్టాండు వేసి, వరసలో నిలబెట్టాలి. అదీ దుకాణం పద్ధతి.

తర్వాత మోపెడ్లు వచ్చాయి, మోటారు సైకిళ్ళు వచ్చాయి. సైకిలు అద్దెకు అడిగే నాథుడు లేకుండా పోయాడు. మిగిలిన బండ్లను హనుమంతునిపాడు నుంచి వచ్చిన ఒకాయనకు అమ్మేసి కాలేషా దుకాణం మూసేశాడు. ఊరందరినీ సైకిలెక్కించి పంపిన మనిషి, గడియారం కింద కుర్చీ వదిలి తాను మాత్రం ఎక్కడికీ పోలేదు. దుకాణంతోపాటు 'నాయనా' అనే పిలుపూ పోయింది. జాహిదాకు వాచీలు బాగుచేసే పర్వేజ్‌తో పెళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, తల్లి పోయాక తండ్రి ఆమె దగ్గరికే వచ్చేశాడు.

సైకిలు పోయినా అరగంట మాత్రం ఆమెను వదల్లేదు. పెళ్ళికి పోతే అక్షింతలు పడీపడకముందే "ఇంక పోదాం పదండి" అనేది. ఒకసారి అందరూ కలిసి కొత్తపట్నం సముద్రానికి పోతే, అలల్లో కాళ్ళు తడిశాయో లేదో, చెప్పులు చేతపట్టుకుని బస్సుకేసి చూస్తూ నిలబడింది. "నీకు ఇంట్లో ఏం అంటుకుపోతోందే!" అని పర్వేజ్ నెత్తి కొట్టుకున్నాడు.

పోయిన చలికాలం ఒకరోజు వీధిలో సన్నటి టైర్ల సైకిళ్ళు వచ్చి ఆగాయి. ప్రశాంతి అని నంద్యాలమ్మాయి, ఏటా చలికాలంలో పదిమందిలోపు జనాన్ని వెంటేసుకుని వారంపాటు నల్లమల చుట్టూ సైకిళ్ళ మీద తిప్పి చూపిస్తుంది. దారి చూపించేది ఆమె, సామాన్లు మోసుకుంటూ వెనకాల వ్యానులో వచ్చేది డ్రైవరు శాంతయ్య. ఎవరిదో సంచి పట్టీ తెగితే కుట్టించుకోవడానికి జాహిదా మిషను దగ్గరికి వచ్చారు. కుట్టి ఇచ్చి, జాహిదా సిగ్గు విడిచి అడిగింది.

"ఒక్క రౌండు తొక్కనా, అమ్మాయ్?"

చున్నీ నడుముకు దోపుకుని ఎక్కింది. వీధి చివర మలుపు తిరిగి వచ్చేసరికి ఆ ముఖం చూసి ప్రశాంతి, "ఆంటీ, వచ్చే ఏడాది మాతో వస్తారా?" అంది. అందరి సైకిళ్ళకూ కొత్త సంచులు కుట్టిచ్చేట్టు, బదులుగా వారంపాటు వాళ్ళతో పోయేట్టు ఒప్పందమైంది.

సల్మా ముక్కున వేలేసుకుంది. "ఈ వయసులో సైకిలేంది, ఘాట్ రోడ్డేంది!" పర్వేజ్ మాత్రం, "పోనీలే, సముద్రం కాడ మాదిరి రెండో పూటకే వచ్చేస్తాది" అని నవ్వాడు. ఆ నవ్వు జాహిదాకు ముల్లులా గుచ్చుకుంది. మంచం మీద కూర్చున్న కాలేషా అన్నీ విని, చివరికి ఉర్దూలో ఒక్కటే అడిగాడు, బండి ఎన్ని గంటల అద్దెకు ఇస్తున్నారని.

"వారానికి, అబ్బా."

ముసలాయన నోరు వెళ్ళబెట్టాడు. "వారానికా! వారానికి బండి ఎవరిస్తారు?"

ఈ చలికాలం కంభంలో మొదలైంది ఆ వారం. మొదటిరోజు పొద్దున్నే చెరువు పక్క రోడ్డు. నీళ్ళ మీద పొగమంచు, అవతల కొండలు. రోడ్డు బాగుంది, ఎవరి వేగం వాళ్ళది, ముందు ఊళ్ళో టీ కొట్టు దగ్గర కలుద్దాం అంది ప్రశాంతి. అందరూ చేరారు. జాహిదా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎక్కడ పడిపోయిందో, ఏ లారీ తగిలిందో అని అందరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. శాంతయ్య వ్యాను తిప్పుకుని దారంతా వెతుక్కుంటూ కంభం దాకా వస్తే, ఈమెగారు లాడ్జి ముందు సైకిలుకు స్టాండు లేదే అని గోడకు ఆనించి, చున్నీ కొసతో హ్యాండిలు తుడుస్తోంది!

"ఏమ్మా, ఏమైంది?" అన్నాడు ఆయన అదిరిపోయి.

ఏం చెబుతుంది? చెరువు మలుపులో అరగంట అయింది. చేతులు వాటంతట అవే బండిని తిప్పేశాయి. తాను వెనక్కి వచ్చేసిన సంగతి సైకిలు తుడుస్తున్నప్పుడు గానీ ఆమెకు తెలియలేదు.

ప్రశాంతికి కోపం లేదు గానీ భయముంది. "ఆంటీ, గిద్దలూరు దాటినాక ఘాట్. ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి అడ్డం తిరిగితే ఎనక వచ్చే లారీవాడికి ఏం తెలుస్తాది? ఇంకొక్కసారి ఇట్ల అయితే ఘాట్ రోజు మిమ్మల్ని వ్యానులో కూర్చోబెడతా. తప్పుగా అనుకోవద్దు."

వ్యానులోనా! బస్సులోనైతే ఎవరైనా పోతారు. కిటికీ పక్కన కూర్చుని ఊగుతూ కొండ దాటడానికా ఇన్నేళ్ళు మిద్దె ఎక్కింది? ఆ రాత్రి జాహిదాకు కూడు సహించలేదు.

మర్నాటి నుంచి ఒక ఉపాయం పట్టింది. ముందుపోయే సైకిలు వెనక చక్రం మీదే కళ్ళు పెట్టి తొక్కడం. అది తిరిగితే తిరగాలి, ఆగితే ఆగాలి. వెనక్కి రాలేదు గానీ, దారిలో ఏ కొండా చూడలేదు. కొండల కోసం వచ్చి మూడు రోజులు పరాయివాళ్ళ టైరు చూసుకుంటూ తొక్కింది, పిచ్చిది. రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని ఏడుపు దిగమింగింది.

ఘాట్ రోజు వచ్చింది. గిద్దలూరు నుంచి చలిలోనే బయల్దేరారు. దిగువమెట్ట దాటి ఎక్కుడు మొదలయ్యాక ఎవరి టైరు ఎవరికి దొరుకుతుంది? గట్టివాళ్ళు ముందుకుపోయారు. జాహిదా ఒక్కతే మిగిలింది. వెనకాల కాస్త దూరంలో శాంతయ్య వ్యాను. ఇటూ అటూ టేకుచెట్లు, పిట్టగోడ మీద కోతులు, దిగివచ్చే లారీల నుంచి కాలిన బ్రేకుల వాసన. చిన్నప్పుడు దూరంగా నీలంగా కనిపించిన కొండ ఇప్పుడు తన చక్రం కిందే ఉందని తలుచుకోగానే గుండె ఝల్లుమంది.

సరిగ్గా అప్పుడే, ఒక్కతే మిగిలినప్పటి నుంచి అరగంట అయింది.

ఈసారి ఆమెకు తెలిసింది. కాళ్ళు బరువెక్కాయి, చేతులు హ్యాండిలును లాగుతున్నాయి. పక్కకు దిగి నిలబడింది. బండి ముఖం అప్పటికే గిద్దలూరు వైపు తిరిగిపోయి ఉంది. 'ఎవరున్నారే నీకోసం? ఎవరు అడుగుతున్నారే ఈ బండిని?' అని తన్ను తాను తిట్టుకుంది. తిడితే వినే జబ్బా అది? ఎక్కడో ఎవరో గడియారం కింద కాసుకుని ఉన్నట్టే ఉంది ప్రాణానికి.

శాంతయ్య వ్యాను ఆపి దిగాడు. "ఏమ్మా, ఎక్కుతావా?"

"ఒక్క ఫోన్ చేసుకోవాలన్నా."

"ఈడ సిగ్నల్ యాడొస్తాది? పైన ఒక మలుపుంది. లారీలోళ్ళు ఇండ్లకు మాట్లాడుకునేది ఆడనే."

"దూరమా?"

"దూరమే. ఎక్కల్లా."

అడగాలి. ఒక్కమాట అడగాలి. పెళ్ళీడు పిల్లలున్న ఆడమనిషి తండ్రిని పర్మిషన్ అడగడానికి కొండెక్కడం ఏమిటని మీరు నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. జాహిదా మాత్రం బండి ముఖం పైకి తిప్పి ఎక్కింది. కాసేపు తొక్కింది, కాసేపు నెట్టుకుంటూ నడిచింది. చెమట కళ్ళల్లోకి కారింది. మలుపు తర్వాత మలుపు, ఏదీ ఆ మలుపు కాదు. ఎదురొచ్చిన లారీ క్లీనరు కిటికీలోంచి సగం బయటికి వంగి, "భలే అక్కా!" అని అరిచాడు. అట్లా అట్లా చివరికి చెట్లు పలచబడ్డ చోట శాంతయ్య హారన్ కొట్టాడు. అదే మలుపు.

ఫోను చాలాసేపు మోగింది.

"హలో, ఎవురు?" కాలేషా గొంతు.

"నాయనా," అంది జాహిదా.

అబ్బా అనబోయింది. నాయనా అనే పిలుపు దానంతట అదే వచ్చింది. అవతల వినిపించింది ఇంట్లో మంచం మీద కూర్చునే ముసలాయన గొంతు కాదు, దుకాణం గొంతు. అదీ తెలుగులో.

"ఏమ్మా, యాడుండావు?"

"కొండ మింద నాయనా. టైము ఎప్పుడో దాటిపోయింది."

"బండికేమన్నా అయిందా? పంచరా?"

"లేదు నాయనా. బండి బాగుంది."

"మరి ఏంది?"

"తిప్పుకుని వచ్చేయమంటావా?"

ఇంట్లో పర్వేజ్ బాగుచేయడానికి తెచ్చుకున్న గోడగడియారాలన్నీ టిక్కుటిక్కుమనడం ఫోనులో సన్నగా వినబడుతోంది.

"ఈడ గిరాకీ ఎవురూ లేరమ్మా," అన్నాడు కాలేషా. "నువ్వు పో." ఆ వెంటనే, "అవతలేముందో చూసి చెప్పు. నేను గూడా చూళ్ళా," అన్నాడు.

జాహిదా ఫోను ఛాతీకి అదుముకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. శాంతయ్య కంగారుపడి నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఇంటికాడ అంతా బాగానే ఉండారా అమ్మా? రా, ఎక్కు. ప్రశాంతమ్మకు నేను చెప్తాలే."

జాహిదా కళ్ళు తుడుచుకుంది. హ్యాండిలు పట్టుకుని చూసుకుంది. బండి ముఖం పైకే ఉంది.

"వద్దన్నా," అంది, పెడలు మీద కాలు పెడుతూ. "నా బండికి గిరాకీ ఎవురూ లేరంట."