తాడు మీద ఆరేసిన గొంతు

2023 మే 9, మంగళవారం, ఉదయం పదిన్నర. వన్ టౌన్‌లో మా కొట్టు షట్టర్ అప్పుడే ఎత్తాను. పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి పెన్ డ్రైవ్‌లో ఇవ్వడం నా పని. ఎక్కువగా పెళ్లిళ్లు, బాప్తిస్మాలు వస్తాయి. ఆ రోజు రాక్షసుడు వచ్చాడు.

తెచ్చినవాడు జాలరిపేట నూకరాజు, యాభై దాటిన మనిషి. తువ్వాలులో చుట్టిన క్యాసెట్‌లో ఉన్నది నలుపు తెలుపు కాలపు దెయ్యాల సినిమాల మీద ఎప్పుడో టీవీలో వచ్చిన డాక్యుమెంటరీ. పక్కింటివాళ్లు రికార్డు చేసి ఇచ్చారట. నూకరాజు తండ్రి పోలయ్య నీళ్లలో ఎంతసేపైనా ఊపిరి బిగబట్టేవాడు. అందుకని సినిమావాళ్లు మద్రాసు తీసుకెళ్లి, సముద్రంలోంచి లేచే రాక్షసుడి తోలు తొడిగారు. సినిమాల్లో ముఖం తోలు కింద ఉండిపోయింది, అరుపు ఇంకెవరిదో. సొంత ముఖంతో, సొంత గొంతుతో ఆయన మాట్లాడింది ఈ డాక్యుమెంటరీలోని ఆరు నిమిషాలే. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

“మాయమ్మకి సూపు పోయిందమ్మగారూ. బొమ్మెలాగున్నా పర్లేదు. అయ్య మాట ఇనిపిత్తే సాలు,” అన్నాడు.

టేపు మీద తెల్లటి ఫంగస్, అంటే బూజు, కనిపించింది. అలాంటి టేపును వేడి తగలకుండా పొడి డబ్బాలో ఉంచి, మెత్తటి గుడ్డతో తుడిచాకే మెషీన్‌లో పెట్టాలి.

“తడి పట్టింది. వారం ఇక్కడ ఉంచి వెళ్లు,” అన్నాను.

“అయ్యని ఇక్కడొగ్గీసి ఎలాగెల్తామమ్మా? రేతిరి అమ్మ పక్కనెట్టుకుని పడుకుంటాది.”

“అది మీ అయ్య కాదయ్యా, క్యాసెట్.”

“మీకు క్యాసెట్టేనండి.”

మళ్లీ తువ్వాలులో చుట్టేశాడు. మెట్లు దిగుతుంటే, “ఏ మెషీన్‌లోనూ పెట్టకు!” అని కేకేశాను. తల ఊపాడు.

గురువారం మళ్లీ వచ్చాడు. తువ్వాలు విప్పగానే కొట్టంతా ఎండుచేపల వాసన.

“ఏం చేశారు దీన్ని?”

“తడి పట్టిందన్నారు కదా, ఆరబెట్టీసినాం.”

“ఎక్కడ?”

“డాబా మీద, సేపలేసే తాడుకి. క్లిప్పులెట్టి మరీ. అంతా కాదమ్మా. ఎప్పుడూ అయ్య కాడికే ఆపుంచుతాం. మూతెత్తి, ఆయన మాటాడినంతమటుకే లాగి ఆరేసినాం. మిగతావోళ్లతో మాకేటి పని?”

“మెషీన్‌లో పెట్టొద్దని చెప్పానా లేదా?”

“ఎట్టలేదు కదమ్మా!”

తల పట్టుకున్నాను. ఈ టేపులో బొమ్మ మధ్యలో ఉంటుంది, శబ్దం ఒక అంచున సన్నటి గీతలా ఉంటుంది. దాన్ని ఆడియో ట్రాక్ అంటారు. వాళ్లు క్లిప్పులు పెట్టింది సరిగ్గా ఆ అంచుకే. మే నెల ఎండకు అది అప్పడంలా ముడుచుకుంది. రెండు వారాలు తంటాలు పడ్డాను. ముడతలు సరిచేశాను, మెషీన్‌లు మార్చి చూశాను. డాక్యుమెంటరీలో ముందుగా, రబ్బరు కోరలు ఎలా చేసేవారో గంభీరంగా చెప్పిన పెద్దమనిషి ప్రతి అక్షరం వినిపించింది. ఆ తర్వాత పోలయ్య వచ్చాడు. చక్కటి ముఖం, తెల్లటి మీసం. నోరు కదులుతోంది. వినిపించేది ఉత్త బుసే.

నూకరాజు తన తల్లి మాసేనమ్మను ఆటోలో తీసుకొచ్చాడు. ఆవిడ స్పీకరు పక్కనే కూర్చుంది.

“మాటాడతన్నాడేట్రా?”

“ఆఁ, మాటాడతన్నాడే.”

“మరి ఇనపడదేటి?”

వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. బుస పెరిగింది. నూకరాజు నా వైపు చూసి, తెర మీద తండ్రి పెదాలు చూస్తూ తనకు గుర్తున్న మాటలు మెల్లగా మొదలుపెట్టాడు. “నీల్లల్లోకెల్తే నాకు బయమేటి బాబూ...”

మాసేనమ్మ వాడి మోకాలి మీద ఒక్కటిచ్చింది. “నోర్ముయ్యిరా. నీ గొంతు నాకు తెల్దేటి?”

నాకు వాళ్ల మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. చెప్పింది వినరు, చెప్పనిది చేస్తారు. కానీ ఆ తర్వాత నుంచి క్యాసెట్ వదల్లేనివాళ్లను ఇంటికి పంపడం మానేశాను. కొట్లోనే కుర్చీ వేసి, ఆరేదాకా రోజూ వచ్చి కూర్చోమంటాను. అడ్డమే, అయినా వేస్తాను.

పోయినవి ఇవి. మెషీన్‌లో టేపును చదివే హెడ్ ఒకటి, ఆ ముడతలకు గీసుకుని. ఎనిమిదిన్నర మీటర్ల టేపుకు ఒక అంచు. పోలయ్య గొంతు, ఆరు నిమిషాలు. మిగతావాళ్ల మాట ఒక్కటీ పోలేదు.