చుర్రుమంటే మానుతుంది

పోయిన వారం చేతి మీద వేడి నూనె చిందితే మా తమిళనాటి ధర్మపురి మందులంగట్లో ఒక ట్యూబు ఇచ్చినారు. "పప్పాళి పాలలో ఉండే ఎంజైముతో చేసింది అక్కా, చెడిన తోలును తినేసి పుండును శుభ్రం చేస్తాది" అని అంగట్లో అమ్మాయి తమిళంలో పాఠం చెప్పింది. బొప్పాయి పాల గురించి నాకా పాఠం! మా మేనత్త బతికుంటే ఆ పిల్లను పక్కకు జరిపి తానే గల్లా ముందర కూర్చునుండేది. నవ్వొచ్చింది. ఆ వెనకే నాయన కాలు గుర్తొచ్చి ట్యూబును అట్లే సంచిలో వేసుకున్నాను.

నల్లంపల్లి దగ్గర మా తోటలో బొప్పాయి చెట్లుండేవి. అత్త నాయనకు అక్క, మా ఇంటికి వైద్యురాలూ ఆమే. తెల్లవారుతూనే పచ్చికాయకు బ్లేడుతో గీతలు పెడితే చిక్కటి పాలు కారేవి. వాటిని కొబ్బరిచిప్పలో పట్టి, దెబ్బ తగిలినవాళ్ళను దొరకబుచ్చుకుని పూసేది. ఆమెకు తెలిసిన పరీక్ష ఒక్కటే, చుర్రుమనాల. చిన్నప్పుడు నా మోకాలికి పూస్తే ఊరంతా వినబడేలా అరిచినాను. "అరువమ్మీ, బాగా అరువు. చుర్రుమంటే మానతా ఉన్నట్టే" అని మురిసిపోయింది. రాక్షసి అనుకున్నాను గానీ, నాలుగు రోజులకు మోకాలు మానేసరికి నోరు మూసుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు నాయన అరికాలు గాజుపెంకుకు తెగింది. అప్పటికే ఆయనకు చక్కెర జబ్బు. పుండు మీద తెల్లటి చెడుకండ పేరుకునింది. అత్త పాలు పూసి, "చుర్రుమనిందా రా?" అనింది.

"లేదక్కా."

"అయితే చాలలేదు. అమ్మీ, ఇంకో రెండు కాయలు గీసుకుని రా."

కాలేజీ చదివినదాన్ని, నేనే గీసి తెచ్చినాను. నాలుగో రోజుకు చెడంతా ఊడి ఎర్రటి కండ కనబడింది. ఇంటిల్లిపాదీ సంబరపడినాము. అయినా చుర్రుమనలేదు కదా! ఇంకా పూసినాము.

వారానికంతా పాదం సగం నల్లబడింది. ఆస్పత్రిలో డాక్టరు పెన్ను మొనతో అక్కడక్కడ గుచ్చి, "తెలస్తా ఉందా?" అని అడిగినాడు. నాయన పైకప్పు చూస్తా, "ఏమీ తెలీలేదు సార్" అన్నాడు. "చక్కెర జబ్బుకు కాలు మొద్దుబారిపోయింది. పచ్చిపాలు చచ్చిన కండను తినేది నిజమే, కానీ అక్కడితో ఆగవు. ఆపమని చెప్పాల్సింది నొప్పేనమ్మా" అన్నాడు డాక్టరు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పాదం చీలమండ కాడికి తీసేసినారు.

ఇంటికొచ్చినాక అత్త నాయన గదిలో అడుగు పెట్టలేదు. నర్సు కట్టు మార్చేటప్పుడు బయటే కూర్చుని చీరచెంగు నలపతా ఉండేది. ఒకనాడు నాయన లోపల నుంచి కేకేసినాడు, "అక్కా, చుర్రుమంటా ఉంది!" అబద్ధం. నర్సు ఇంకా దూదైనా ఆనించలేదు, నేను చూస్తానే ఉన్నాను. అత్త దిగ్గున లేచి లోపలికొచ్చింది. "అరువు నాయనా, బాగా అరువు" అని ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని తానే బోరున ఏడ్చింది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. అన్నిటినీ కాలమే మాన్పుతుందంటారు. ఇన్నేళ్ళయినా నాకు చుర్రుమంటానే ఉంది. అత్త లెక్కన, మానతా ఉన్నట్టే.