చీటీ తీసి ఎంచుకున్న ఫ్యాక్టరీ

ప్రభువునందు ప్రియ సహోదర సహోదరీలారా, రెండేళ్ల కిందట హుకుంపేట సంతలో సుక్రమ్మ కాఫీ మూటలు విప్పినప్పుడు వచ్చిన బూజు వాసన ఇప్పటికీ నన్ను వదల్లేదు. నా సాక్ష్యం అక్కడినుంచే మొదలుపెట్టాలి.

పాతికేళ్లు ఈ కొండల్లో విలేకరిగా తిరిగాను, ఏ మాటా సరిచూసుకోకుండా రాయలేదు. ఆ పని మానేశాక, ఎలక్ట్రానిక్స్ చదివిన మా తమ్ముడు ప్రకాశం కాఫీ గింజల్లో తేమ ఎంతుందో చెప్పే చిన్న మీటరు రూపొందించాడు. దాన్ని తయారుచేసి ఇచ్చే ఫ్యాక్టరీలు మైదానంలో మూడు దొరికాయి. ఏది మంచిదో తేలక, మా సంఘంలో పెళ్లి సంబంధానికీ మందిర స్థలానికీ చేసినట్టే, ప్రార్థించి మూడు చీటీలు వేస్తే పాస్టరమ్మగారు ఒకటి తీశారు.

"అన్నా, ఒక్కసారి ఎల్లి సూసొద్దాం. మీటరు లోపలి బోర్డుల మీద సెమ్మ తగలకుండా పూత ఏస్తన్నారో లేదో" అన్నాడు తమ్ముడు.

"దేవుడు సెప్పేక అనుమానం ఏటిరా? ఆయన మీదే ఎంక్వైరీ ఏస్తావా?" అని నవ్వాను. అయ్యో, ఘాట్ దిగడానికి బద్ధకించి, ఆ బద్ధకానికి దేవుని పేరు పెట్టాను!

మీటర్లు వచ్చాయి, రైతులకు పంచాం. డిసెంబరులో మంచు దిగగానే పూత లేని బోర్డుల్లో చెమ్మ చేరి, పచ్చి గింజలను కూడా ఎండినట్టు చూపించాయి. భర్త పోయాక ఒంటరిగా తోట చేసుకుంటున్న సుక్రమ్మ మా అంకెను నమ్మి ఏడాది పంటంతా మూటలు కట్టేసింది. సంతలో ఎవరూ కొనలేదు.

తమ్ముడు మీటరు విప్పి తప్పు ఎక్కడుందో చూపించాడు. అయినా ఆమెతో "ఎండ సాల్లేదమ్మా" అన్నాను. ఆ ఆదివారం మందిరంలో నా పక్క చాప మీద మోకరించి, "నా అజాగర్త సెమించు తండ్రీ" అని ఆమె ఏడుస్తుంటే విన్నాను సహోదరులారా! తప్పు నాది, క్షమాపణ ఆమెది.

తర్వాత ఆరు వారాలు మందిరం గడప తొక్కలేకపోయాను, అన్నం సహించలేదు. ఒక ఉదయం మా తోటలో సాగిలపడి, "ప్రభువా, మొదట నీ పేరు అడ్డం పెట్టుకున్నాను, తర్వాత ఎండ పేరు. ఈ అబద్ధాన్ని నా నోట్లోంచి పెరికెయ్యి" అని మొరపెట్టాను. లేచి తిన్నగా సుక్రమ్మ ఇంటికి నడిచి అంతా చెప్పేశాను.

"మాయమ్మ నాటినుంచీ పంటితో కొరికి సూసుకునేవోళ్లం బాబూ. నీ మిసను ముందర నా పళ్లకి సిగ్గేసింది" అంది సుక్రమ్మ. "అయితే నా తప్పు కాదన్నమాట" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పోయిన పంట తిరిగి రాలేదు. ఆ నష్టం తీర్చే శక్తి నాకు లేకపోయింది. వేసవిలో ఆమె తోట వదిలి తీరానికి, రొయ్యల షెడ్డు పనికి వెళ్లిపోయింది. ఆ దుఃఖం నాతోనే ఉంది, కానీ అబద్ధం బరువు దిగిపోయింది. దేవునికే మహిమ! మీటర్లన్నీ వెనక్కి తీసుకున్నాం. మళ్లీ ఫ్యాక్టరీ వెతికినప్పుడు ప్రార్థన ముగించి బస్సెక్కాం, పని జరిగే బల్లల దగ్గర నిలబడి చూశాం, బోర్డులు తెచ్చి వారం రోజులు మంచులో ఉంచాకే సరే అన్నాం.

ప్రియులారా, ఎవరికైనా మీరు చెప్పాల్సిన నిజం ఉంటే ఈ ఆరాధన కాగానే బయల్దేరండి. భయపడకండి, ఆయన మీకంటే ముందే ఆ గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు.