కొండమీదికి యుద్ధం వచ్చిన ఏడాది

తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో నేను అరకు దగ్గర మండల కార్యాలయంలో గుమాస్తాని. వృద్ధాప్య పింఛన్ల దరఖాస్తులు రాయడానికి ఒక కొండ ఊరికి వెళ్లాను. మామూలుగా అర పేజీ దాటని నా డైరీ ఆ రోజు నాలుగు పేజీలు నడిచింది.

ఒక ముసలమ్మ వయసు తేలలేదు. అరవై అయిదు నిండితేనే పింఛను. ఆవిడ దగ్గర కాగితం ఏదీ లేదు. "యుద్ధమొచ్చినప్పుడు నాను ఇంత గుంటని" అని, అంత పిల్లనన్నట్టు చెయ్యి నడుము ఎత్తున పెట్టి చూపించింది.

పక్కనున్న బడి మాస్టారు వెంటనే లెక్క కట్టాడు. "ఆరేళ్లుంటాయండి. యుద్ధం ముప్పై తొమ్మిదిలో మొదలైంది. ముప్పై మూడులో పుట్టిందని రాసేయండి."

నేను ఊరుకోలేదు. యుద్ధమొచ్చిందని నీకెలా తెలిసిందని ఆవిడనే అడిగాను.

"ఇశాపట్నంలో బాంబులు పడ్డాయని కిందోళ్లు పిల్లల్నేసుకుని పరిగెట్టుకొచ్చేసినారు బాబూ. మాయమ్మ ఆళ్లకి చోడి అంబలి పోసింది."

విశాఖ మీద బాంబులు పడింది నలభై రెండు ఏప్రిల్‌లో. అప్పటికి ఆరేళ్లంటే ఇప్పుడు అరవై మూడే. మాస్టారు తల పట్టుకున్నాడు.

"మిమ్మల్ని అడగమన్నదెవరండీ! మామ్మా, యుద్ధం అంతకు మూడేళ్ల ముందే మొదలైంది. పుస్తకంలో ఉంది."

"మూడేళ్లూ ఏటి సేసింది? దార్లో తొంగుందా?"

"పోలెండులో జరిగింది మామ్మా!"

"నువ్వు సూసినావేటి? నాను సూసినాను. అదిగో, ఆ మలుపుకాడ."

మాస్టారికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. నా కలం కింద ఆవిడ పింఛను పోతోంది. ఆ ఏడాది మీ పోడు ఎక్కడుండేదని అడిగాను.

ఆవిడ లేచి ఎదుటి కొండలు చూపించింది. అన్నిటి మీదా అడవి మళ్లీ కమ్ముకుంది. మొదటి కొండ మీద తొలి పంట కోతలప్పుడు, కాపలా గుడిసెలో తను పుట్టిందట. అక్కడ ఏడాదికొకటి చొప్పున మూడు పంటలు తీసి వదిలేశారు. పక్కనున్న ఎర్రమట్టి కొండ మీద మూడు. ఆ పైనున్న రాళ్ల కొండ మీద మూడు. ఆ ఆఖరి పంట చోళ్లతోనే, అంటే రాగులతోనే, కిందివాళ్లకు అంబలి కాచారు.

తొమ్మిది కోతలు. బాంబులకు ముందటి కోత నలభై ఒకటిది, అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టాను. ముప్పై మూడు! మళ్లీ లెక్కపెట్టినా అదే. నడుమెత్తు పిల్లకు అప్పటికి ఎనిమిదేళ్లన్నమాట. నలభై ఏళ్లుగా రోజూ రాస్తున్నా, డైరీ తెరవకుండా ఏ ఏడాది సంగతీ నేను చెప్పలేను. ఆవిడకు అక్షరం రాదు. ఎదురుగా కొండలున్నాయి, ఏళ్లన్నీ వాటి మీదే ఉన్నాయి. ప్రపంచాన్ని తగలబెట్టిన అంత యుద్ధమూ అక్కడ ఒక మలుపు దగ్గర ఆకలితో నిలబడితే, ఆ పిల్ల కళ్లారా చూసింది.

'వయసుకు ఆధారం' అన్న చోట "మూడు పోడు కొండలు, తొమ్మిది పంటలు" అని రాశాను.

మర్నాడు కార్యాలయంలో మా అధికారి అది చదివి కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఇదేం ఆధారమయ్యా?"

"పదండి సార్, చూపిస్తాను. బస్సు దిగాక రెండు గంటల ఎక్కుడు."

ఆయన ఒకసారి తన బూట్లకేసి చూసుకుని సంతకం పెట్టాడు.